పందెమునకు ముందు షరతు

కారెంపూడిలో కార్తికామావాస్య మొదలు ఐదు దినములు జరుగు వీరుల తిరునాళ్లలో నాలుగవ దినమునకు కోడిపోరని పేరు. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడును పండ్రెండవ శతాబ్దమున కోళ్లను బరిలోనికి దింపిన వృత్తాంతమును పల్నాటి పిల్లవాడైనను చెప్పగలడు. కాని మాచర్లవారిని ముంచినది కోడి ఓటమి కన్న, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ముందుగా ఒప్పుకొనిన షరతే యని నా నిశ్చితాభిప్రాయము. పోరు గడియలో ముగిసినది. షరతు మాత్రము ఏడేండ్లు నడచి, గడువు తీరినను రాజ్యము తిరిగి రాకపోగా, నాగులేటి యొడ్డున ఘోర సంగ్రామమై పరిణమించినది.

బ్లాక్‌జాక్ అను పేకాటను సైతము ఈ దృష్టితోనే పరిశీలింపవలెను. నరసరావుపేట నుండి గోవాకు విహారము పోయి, పణజి చెంత మాండవీ నదిపైనున్న కాసినో ఓడలోనికి అడుగిడు యువకునకు అచట వినవచ్చు మాటలలో ఏది ఆట, ఏది షరతు అను వివేకము ముందుగా కలుగుట మేలు.

రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటి 10. ఆసు 1 గాగాని 11 గాగాని చెల్లును. తక్కినవానికి వాని అంకెయే విలువ. 21 దాటకుండ, ముక్కలు పంచు డీలరు కన్న ఎక్కువ మొత్తము చూపినవానిదే గెలుపు. మరియొక ముక్క అడుగుట ‘హిట్’, చాలునని ఆగుట ‘స్టాండ్’. పందెమును రెట్టించి ఒక్క ముక్కతో సరిపుచ్చుకొనుట ‘డబుల్’. జంటముక్కలను విడదీసి రెండు చేతులుగా ఆడుట ‘స్ప్లిట్’. ఇరువురి మొత్తములు సమానమై సొమ్ము తిరిగి వచ్చుట ‘పుష్’. ఆసు, ఆరు కలిసి 17 అయినచో అది ‘సాఫ్ట్’. ఆసును ఒకటిగా తగ్గించుకొను వెసులుబాటు ఉన్నందున ఇంకొక ముక్కకు జంకనక్కరలేదు. పది, ఏడు కలిసిన 17 ‘హార్డ్’. అచట ముక్క కోరుట దుస్సాహసము.

21 దాటుటకు ‘బస్ట్’ అని పేరు. ఈ ఒక్క మాటలోనే కాసినో ఐశ్వర్యమునకు మూలమున్నది. డీలరు 16 వరకు ముక్క తీయక తప్పదు, 17 వచ్చిన ఆగవలెను అను నియమము న్యాయముగానే తోచును. కాని ముందు ఆడువాడు ఆటగాడు గనుక, అతడు 21 దాటిన తత్క్షణమే పందెము పోవును, పిదప డీలరు సైతము దాటిపోయినను ఆ సొమ్ము మరలి రాదు.

‘ఇన్సూరెన్స్’ అనునది మరింత మోసకరమైన మాట. డీలరు ముందు ఆసు కనబడినపుడు, మూసియున్న ముక్క పది విలువ గలదియగునని మొదటి పందెములో సగము వరకు వేరుగా ఒడ్డుటయే ఇది. గెలిచిన రూపాయికి రెండు రూపాయలు వచ్చును. ఇట్లు వందేసి చొప్పున పదమూడు మారులు ఒడ్డినచో, సగటున నాలుగు మారులు గెలిచి 800 పొంది, తొమ్మిది మారులు ఓడి 900 పోగొట్టుకొందుము. రక్షణ యను పేరు పెట్టినంత మాత్రమున నష్టము లాభమగునా?

మొదటి రెండు ముక్కలలోనే ఆసును, పది విలువ గల ముక్కయు పడుటయే ‘బ్లాక్‌జాక్’. దీనికి పూర్వాచారము ప్రకారము 3:2, అనగా వందకు 150 చెల్లింతురు. నేడు పెక్కు బల్లలపై 6:5 అని వ్రాసి 120 మాత్రమే ఇచ్చుచున్నారు. గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ 1962లో వెలువరించిన గ్రంథమున, వెళ్లిపోయిన ముక్కలను లెక్కించుచు పోయినచో ఆటగానికి ఆధిక్యము కలుగు సమయములు ఉండునని నిరూపించెను. కాసినోలు పేకకట్టల సంఖ్యను పెంచి ఆ దారిని ఇరుకు చేసినవి.

మన సీమలో రమ్మీ ఆడువారు, సికింద్రాబాదు క్లబ్బు వ్యవహారమున రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన తీర్పును తరచు ఉదాహరింతురు. ఆ తీర్పు బ్లాక్‌జాక్‌ను గూర్చినది కాదు. ఫోనులో డబ్బు పందెముతో ఆటలు నడుపుటను ఆంధ్రప్రదేశ్ 2020లోను, దేశమంతటికిని పార్లమెంటు 2025లోను నిషేధించినవి. కనుక అట్టి ఆటకు ఎవరు పిలిచినను పోకుడు. గోవాలో బల్ల ముందు నిలిచినచో, ఆసనము లాగుకొనుటకు ముందు బల్లపై అచ్చువేసిన షరతును చదువుడు, 6:5 అని కనబడినచో వెనుదిరిగి రండు.