అడ్డు తొలగితే నాడీకణం

మానవదేహం ఒకే కణంతో మొదలవుతుంది. ఆ కణంలోని జన్యువులే పిదప చర్మకణంలోను, నాడీకణంలోను ఉంటవి. గ్రంథం ఒక్కటే అయినపుడు ఒక కణం చర్మంగాను, మరియొక కణం మెదడుగాను ఎట్లా పరిణమిస్తున్నవి?

ఈ ప్రశ్నకు దారి చూపిన ప్రయోగం జర్మనీలో జరిగింది. న్యూట్ అనే ఉభయచర జీవి పిండం నుండి హిల్డె మాంగోల్డ్ అనే విద్యార్థిని చిన్న తునకను తీసి, మరియొక పిండం పక్కభాగంలో అతికించింది. అక్కడ రెండవ పిండమే రూపొందింది. దాని నాడీమండలం చాలవరకు ఆశ్రయమిచ్చిన పిండపు కణాల నుండే పుట్టింది. అనగా చర్మం కావలసిన కణాలు నాడులైనవన్నమాట. గురువు హాన్స్ స్పేమన్‌తో కలిసి ఆమె వ్రాసిన వ్యాసం 1924లో వెలువడింది. ఆ సంవత్సరమే ఆమె అగ్నిప్రమాదంలో మరణించింది. 1935లో స్పేమన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఆ తునక ఇచ్చిన ఆజ్ఞ ఏమిటో తెలియడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 1992లో ఆఫ్రికా కప్ప పిండాలలో నాగిన్ అనే జన్యువును గుర్తించారు. పిండపు పైపొర కణాలను చర్మంగా మారుమని బి.ఎం.పి. అనే ప్రొటీన్లు ప్రేరేపిస్తవి. నాగిన్ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ వాటిని పట్టి బంధిస్తుంది. ఆ ప్రేరణ అందని కణాలు నాడీమార్గం పడతవి. ఆజ్ఞ అనుకున్నది నిజానికి అడ్డు తొలగించడమే.

దారి తెరచిన పిదప న్యూరోజెనిన్ వంటి జన్యువులు నాడీకణానికి కావలసిన ఇతర జన్యువులను మేలుకొలుపుతవి. అయితే కణాలన్నీ ఒకేసారి నాడులైతే మూలకణాలు మిగలవు. కనుక ముందడుగు వేసిన కణం తన పైనున్న డెల్టా ప్రొటీన్‌తో పొరుగు కణపు నాచ్ ప్రొటీన్‌ను తాకి, దానిని ఆపి ఉంచుతుంది. రైతు పండిన గింజలన్నీ తినక విత్తనాలకు కొన్ని దాచుకొన్నట్లే ఇది.

ఈ జ్ఞానం నేడు రోగుల కోసం వినియోగపడుతున్నది. పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్‌ను తయారుచేసే నాడీకణాలు నశిస్తవి. మెదడు వాటిని తిరిగి నింపుకోలేదు. 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను మూలకణాల వంటి స్థితికి మరలించాడు. ఈ పద్ధతిలో మానవ కణాల నుండి పొందిన మూలకణాలను నాడీమార్గం పట్టించి, 2018లో క్యోటోలో రోగి మెదడులో నాటడం ప్రారంభించారు. వాటిని సిద్ధం చేయడంలోను బి.ఎం.పి. ప్రేరణను అడ్డుకొనే ద్రవ్యం వాడారు. మార్పు చెందక మిగిలిన మూలకణాలు కణితికి దారితీయవచ్చును కనుక కోరిన కణాలనే ఏరి తీశారు. ఏడుగురు రోగుల ఫలితాలు 2025లో వెలువడినవి. తీవ్రమైన హాని కనిపించలేదు. కొందరి కదలికలు మెరుగుపడినవి. ఇంత స్వల్పసంఖ్యను బట్టి తీర్పు చెప్పడం తొందరపాటే.

అయినను ఒక విద్యార్థిని అతికించిన చిన్న తునక, శతాబ్దకాలంలో రోగి పడక దాకా దారి వేసింది.