కాలు జారిందని ఊరుకోకండి



వీధి కాలువ మీది బండ పగిలి, పడి, తుంటి విరిగి వచ్చినవారిని "ఎలా పడ్డారు?" అని అడిగితే, "ఏదో కాలు జారిందమ్మా" అంటారు. మేము కేసు షీటులో అదే రాస్తాము. తరువాత పరిహారం అడిగితే ఆ మాటే అడ్డు వస్తుంది.

అందుకే మొదటి రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఏ వీధి, ఏ బండ, ఏ వేళ. బాగుచేయకముందే ఫోటో తీయించండి. చూసినవారి పేర్లు, బిల్లులు, ఎక్స్‌రేలు, పోయిన కూలి లెక్క భద్రపరచండి. పంచాయతీకి అర్జీ ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. ఆలస్యం చేస్తే దావా గడువు దాటిపోవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసహాయం ఉచితం. 15100కు ఫోను చేయండి.

రోడ్డు గుంతల్లో, మూతలేని మ్యాన్‌హోళ్లలో పడి గాయపడినవారికి 50 వేల నుండి రెండున్నర లక్షల రూపాయల వరకు ఇవ్వాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మహారాష్ట్రలో ఆదేశించింది. మన దగ్గర వకీలు ఆ తీర్పును చూపించవచ్చు.

గొయ్యి కప్పక వదిలినవాడు అందులో పడిన ఎద్దుకు నష్టం చెల్లించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతుంది. ఎద్దుకున్న న్యాయం మనిషికి ఉండదా? అడగడం తగవు కాదు. ఆ బండ బాగుపడితే రేపు ఇంకొకరి కాలు విరగదు.