మావాడిని గోల్‌లో ఎందుకు నిలబెట్టారు?



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌కు ఒక తండ్రి నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చారు. మ్యాథ్స్ మేడమ్‌తో, సైన్స్ సార్‌తో మాట్లాడటం అయ్యాక, వెళ్లబోతూ నా దగ్గర ఆగారు. "సార్, మావోడు మంచిగనే ఉర్కుతడు గదా. గోల్‌ల ఎందుకు నిలవెట్టిన్రు?" అని అడిగారు. కోపంగా అడగలేదు. కొడుకును తక్కువ చేశారేమో అన్న బాధ మాత్రం గొంతులో ఉంది. అప్పటికి నేను రెండు మాటలు చెప్పి పంపాను. అవి సరిపోలేదని ఇంటికెళ్లాక అనిపించింది. అందుకే ఈ నెల ఆటల పేజీని ఆ ప్రశ్నకే ఇస్తున్నాను.

ఆయన తప్పేమీ లేదు. మన గల్లీల్లో ఆట మొదలైతే గోల్‌లో నిలబడేది ఎవరు? ఆలస్యంగా వచ్చినవాడు, లావుగా ఉన్నవాడు, లేకపోతే అందరికన్నా చిన్నోడు. రెండు చెప్పులు పెట్టి "నువ్వు ఇక్కడ నిలబడు" అంటారు. ఆ అలవాటు మన మనసులో ఉండిపోయింది. కానీ గ్రౌండ్‌లో పరిస్థితి వేరు. మొదట గోల్ కొలతలు చూడండి. వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కొట్టేది 11 మీటర్ల దూరం నుంచి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకను కూడా పట్టకుండా దాటుతుంది. అంత విశాలమైన జాగాను ఒక్కరు కాపాడాలి. ఫార్వర్డ్ నాలుగు చాన్సులు పోగొట్టి ఐదోది కొడితే చప్పట్లు వస్తాయి. గోల్‌కీపర్ పది ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది.

ఇంకో సంగతి. మైదానం మొత్తం కళ్లముందు కనిపించేది గోల్‌కీపర్‌కే. మిగతా పదిమందికి వెనక ఏం జరుగుతోందో తెలియదు. అందుకే మంచి గోల్‌కీపర్ ఆట ఆసాంతం అరుస్తూనే ఉంటాడు. ఎడమవైపు ఖాళీగా ఉందని, వెనక మనిషి వస్తున్నాడని, ఫ్రీకిక్ అయితే గోడ ఇంకో అడుగు పక్కకు జరగాలని చెబుతుంటాడు. భూగర్భ గనిలో పనిచేసే తండ్రులకు ఈ పని ఎలాంటిదో నేను వేరే చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లు పనిలో మునిగి ఉన్నప్పుడు పైకప్పు ఎలా ఉందో చూసి కేకవేసే సర్దార్ విలువ మీకు తెలుసు.

ఇక ఒక మనిషి గురించి. పేరు పీటర్ తంగరాజ్. మన పిల్లల్లో ఈ పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. ఆ మాటకొస్తే పెద్దవాళ్లలోనూ తక్కువే. 1935 డిసెంబర్ 24న హైదరాబాద్‌లో పుట్టారు. ఆ రోజుల్లో హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. తంగరాజ్ 1953లో సైన్యంలో చేరి, నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉండే మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లారు. అప్పటికి ఆయన గోల్‌కీపర్ కాదు. సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టేవాడు. సైన్యంలోనే ఆయన్ని వెనక్కి తెచ్చి గోల్‌లో నిలబెట్టారు. మీటింగ్‌లో నన్ను అడిగిన తండ్రి ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక.

ఆరడుగులు దాటిన ఆ మనిషి గోల్‌లోకి వచ్చాక మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆయన జట్టులో ఉన్నారు. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. అక్కడ భారత్ ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది. అవును, ఇప్పుడు మన పిల్లలు ఎంబాపె జెర్సీ వేసుకు తిరిగే ఆ ఫ్రాన్స్‌తోనే. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ మెట్టు ఎక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద కథ 1962 సెప్టెంబర్ 4ది. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. అదే కొరియా చేతిలో మనవాళ్లు మొదటి మ్యాచ్‌లో 0-2తో ఓడారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈయనా హైదరాబాదీయే, అసలు వృత్తి బడిపంతులు. ('మైదాన్' సినిమా చూసినవాళ్లకు అజయ్ దేవగణ్ వేసిన పాత్ర గుర్తుండే ఉంటుంది.) ఆ టోర్నీలో తంగరాజ్‌కు ఫ్లూ వచ్చింది. ఆయన బదులు ప్రద్యోత్ బర్మన్ గోల్‌లో ఉన్నారు. ఫైనల్‌కు మాత్రం రహీమ్ సాబ్ తంగరాజ్‌నే దింపారు. ఆయన ఎత్తు, అనుభవం ఆ రోజు కావాలని లెక్క వేసుకున్నారు. అదే జట్టులో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. గోల్ కొట్టేవాడిగా మొదలైనవాడు గోల్ కాస్తున్నాడు, గోల్ అడ్డుకునేవాడు గోల్ కొట్టడానికి వెళ్లాడు!

స్టేడియం నిండా జనం, అందులో ఎక్కువమంది మనకు వ్యతిరేకం. ఆటల నిర్వహణ గురించి ఒక భారత అధికారి చేసిన వ్యాఖ్యల మీద ఇండోనేషియాలో కోపం రగిలి ఉంది. మొదటి 20 నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. ఆ తర్వాత దాదాపు గంటకు పైగా కాపాడుకోవడమే పని. కొరియా చివర్లో, 85వ నిమిషంలో ఒకటి వేసింది. 2-1. బంగారు పతకం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. రహీమ్ సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు.

తంగరాజ్ కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట ముగిశాక కోచ్ అయ్యారు. ఇక్కడ కొంచెం నిజం మాట్లాడుకుందాం. ఆయన కోచ్‌గా టీవీల్లో కనిపించలేదు, కోట్ల కాంట్రాక్టులు చూడలేదు. ఆ రోజుల్లో అవి లేవు కూడా. బొకారో స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, అక్కడి ఆటగాళ్లకు శిక్షణ. 2008 నవంబర్ 24న బొకారోలోనే కన్నుమూశారు. బొకారో మన గోదావరిఖని లాంటి ఊరే. ప్రభుత్వ కంపెనీ, కంపెనీ క్వార్టర్లు, కంపెనీ గ్రౌండ్లు, పక్కనే బొగ్గు గనులు. మొదట సైన్యం, చివర స్టీల్ ప్లాంట్: ఆయన ఇల్లు గడిచింది ఆటతో పాటు వచ్చిన ఉద్యోగాలతో. "ఆటలు కూడు పెడతాయా సార్" అని అడిగేవాళ్లకు నా దగ్గర ఉన్న నిజాయితీ జవాబు ఇంతే: కొందరికి ఇలా పెట్టాయి, అందరికీ పెట్టవు. కాబట్టి స్టడీ అవర్ ఎగ్గొట్టి గ్రౌండ్‌కు రావడానికి నేను ఏ పిల్లాడినీ ఒప్పుకోను.

గోల్‌కీపర్లు మంచి కోచ్‌లు అవుతారా? అయినవాళ్లు ఉన్నారు, కానీ మరీ ఎక్కువమంది లేరు. మైదానమంతా చూసే అలవాటు వాళ్లకు బలం. బలహీనత ఏమిటంటే, వాళ్ల ప్రాక్టీసు మిగతా జట్టుతో కాకుండా విడిగా, వేరే కోచ్ దగ్గర జరుగుతుంది. దాడి ఎలా కట్టాలో దూరం నుంచి చూసి నేర్చుకోవాల్సిందే. ఫ్రాన్స్‌లో ఎలీ బోప్ అని ఒకాయన ఉన్నారు. గోల్‌కీపర్‌గా పెద్ద స్టార్ కాదు. మేనేజర్‌గా మాత్రం 1999లో బోర్డో జట్టును ఫ్రాన్స్ లీగ్ చాంపియన్‌గా నిలిపారు. తల మీద టోపీ లేకుండా ఆయన్ని గుర్తుపట్టడం కష్టం. ఇటలీ డినో జోఫ్ ఇంకా పెద్ద పేరు. 1982లో 40 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచకప్ ఎత్తారు. తర్వాత మేనేజర్‌గా యువెంటస్‌కు 1990లో యూఈఎఫ్ఏ కప్ తెచ్చారు, 2000లో ఇటలీని యూరో ఫైనల్ దాకా తీసుకెళ్లారు.

జోఫ్ గురించి తల్లులకు నచ్చే ముచ్చట ఒకటి ఉంది. 14 ఏళ్లప్పుడు పొట్టిగా ఉన్నాడని ఇంటర్, యువెంటస్ రెండు క్లబ్బులూ వద్దన్నాయి. వాళ్ల నానమ్మ రోజుకు ఎనిమిది గుడ్లు తినమందని చెబుతారు. ఐదేళ్లలో పిల్లాడు బాగా పొడుగయ్యాడు. గుడ్ల వల్లే అయ్యాడని నేను అనను, వయసు వల్ల అయ్యుంటాడు. ఎనిమిదో తరగతిలో ఎత్తు చూసి ఎవరి భవిష్యత్తునూ తేల్చకూడదని చెప్పడానికి మాత్రం ఈ ముచ్చట పనికొస్తుంది. ఇంట్లో ఎనిమిది గుడ్లు మొదలుపెట్టకండి, హాస్టల్ మెస్‌వాళ్లు నా మీద పడతారు.

ఇప్పుడు కోచ్ కావాలనుకునేవాళ్లకు తంగరాజ్ కాలంలో లేని దారి ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులు డి, సి, బి, ఎ, ప్రో అని మెట్లుగా ఉంటాయి. గోల్‌కీపింగ్ కోచ్‌లకు వేరే కోర్సులున్నాయి. ఇది ఇంటర్ తర్వాత ఆలోచించుకునే విషయం, ఆరో తరగతిలో కాదు.

మా గ్రౌండ్‌లో ఏం చేస్తున్నామో చెప్పి ముగిస్తాను. ఏడో తరగతి లోపు పిల్లలు ఎవరూ ఒకే చోట ఆడరు. ప్రతి ఒక్కరూ వంతులవారీగా గోల్‌లో నిలబడతారు, వంతులవారీగా ముందు ఆడతారు. కాబట్టి ఆ తండ్రిగారి అబ్బాయి వచ్చే నెల ఫార్వర్డ్. బంతి సైజులు కూడా వయసును బట్టి మారతాయి: ఎనిమిదేళ్ల లోపు 3, పన్నెండేళ్ల వరకు 4, ఆ పైన 5. చిన్నపిల్లలకు పెద్ద బంతి ఇచ్చి గోల్‌లో నిలబెడితే వేళ్లు మడతపడతాయి. ఇంటి దగ్గర కొనేటప్పుడు ఇది చూసుకోండి. కాలనీ గ్రౌండుల్లో ఊగే ఇనుప గోల్‌పోస్టులకు పిల్లలు వేలాడకుండా చూడండి, అవి మీద పడితే ప్రమాదం. మార్చి నుంచి మన రామగుండం ఎండ సంగతి మీకు తెలుసు కాబట్టి ప్రాక్టీసు పొద్దున ఆరున్నరకే. నీళ్ల బాటిల్, పాత ఫుల్ ట్రాక్ ప్యాంటు పంపండి. మోకాళ్లు గీసుకుపోకుండా అది చాలు. గ్లౌజులు ఇప్పుడే కొనకండి. స్కూల్లో నాలుగు జతలున్నాయి, అందరూ వాటితోనే ఆడతారు. మీవాడికి నిజంగా సొంత జత కావాల్సిన రోజు వస్తే డైరీలో రాసి పంపుతాను.

మీ బ్రాంచి పీఈటీ