మీకు తెలుసా? సీమను రాయించుకున్నాయన ప్రేమకథ

ఆత్మకూరు వైపు పెద్దలు ఇప్పటికీ ‘దత్తమండలం’ అంటుంటారు. ఆ పేరుకు మూలం నిజాం రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన 1800 నాటి ఒప్పందం. కర్నూలు నవాబు కప్పం కూడా నిజాం చేజారి కంపెనీకి మళ్లింది అప్పుడే. ఆ ఒప్పందాన్ని కుదిర్చిన, హైదరాబాదులో కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఆ రోజుల్లోనే పెద్దింటి పిల్ల ఖైరున్నీసాతో ప్రేమలో పడి పెళ్లాడాడు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి అనుమానం: ఇతను మనవాడా, నిజాం మనిషా? విచారణ పెట్టించాడు. గూఢచారి నవలకు ఇంకేం కావాలి!

1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. తర్వాత ఖైరున్నీసాకు సొంత ఊళ్లోనే చోటు లేకపోయింది, మచిలీపట్నంలో ప్రవాసం. అంతకుముందే ఇంగ్లండుకు పంపిన పిల్లలిద్దర్నీ మళ్లీ చూడనేలేదు.

పరదా దాటని ఆ భార్య కోసమే కట్టించాడని చెప్పే బొమ్మరిల్లంత రెసిడెన్సీ భవనం నమూనా ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల ఆవరణలో ఉంది. హైదరాబాదు పోయినప్పుడు చూసి రండి.