దాచుకొన్న అన్వేషణను దిద్దుకొనుట

విజ్ఞానము నానాటికి విస్తరించుచున్న ఈ కాలములో పరిశోధకునకు ఎదురగు సమస్య వ్యాసముల కొరత కాదు, వాటి వెల్లువ. ఈ చిక్కు కొత్తది కాదు. గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను అందించిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే పాఠకుని కాలమును కాపాడుటను వాటిలో నాల్గవ సూత్రముగా నిలిపినారు. 1958లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ మరియొక అడుగు ముందుకు వేసినారు. ప్రతి పరిశోధకుని ఆసక్తిని కొన్ని పదములలో నమోదు చేసి, కొత్తగా వచ్చిన పత్రములలో ఆ పదములకు సరిపోలు వాటినే యంత్రము ఏరి పంపు పద్ధతిని వారు ప్రతిపాదించినారు. నేడు ఆన్‌లైన్ డేటాబేసులలో 'అలర్టు' అను పేర లభించు సౌకర్యము ఈ ఆలోచన యొక్క ఫలమే.

ఉదాహరణకు పబ్‌మెడ్‌ను తీసికొందము. వైద్య, జీవశాస్త్ర వ్యాసములకు సూచిక వంటి ఈ డేటాబేసును అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము నిర్వహించుచున్నది. ఇది 1997 నుండి ఎల్లరకు ఉచితముగా అందుచున్నది. ఇందులో 3 కోట్ల 50 లక్షలకు మించిన వ్యాసముల వివరములు కలవు. మనకు కావలసిన పదములతో ఒకసారి వెదకి, ఆ అన్వేషణను అలర్టుగా భద్రపరచినచో, ఆ పదములు గల కొత్త వ్యాసముల జాబితా దినమునకో, వారమునకో, నెలకో ఒకసారి ఈ-మెయిలులో వచ్చును.

ఇంతవరకు అందరును చేయుదురు. పిమ్మట దానిని మరచిపోవుదురు. చిక్కు అచ్చటనే ఉన్నది. అలర్టు ఆజ్ఞను అక్షరాలా పాటించు సేవకుని వంటిది. మనము చెప్పిన పదమునే అది వెదకును గాని, మన మనస్సులోని విషయమును వెదకదు. లోకము పదమును మార్చుకొన్నను సేవకుడు పాత పదమునే పట్టుకొని యుండును.

2020 జనవరిలో కొత్త కరోనా వైరస్‌ను తాత్కాలికముగా '2019-ఎన్‌కోవ్' అని పిలిచిరి. ఆ ఏడు ఫిబ్రవరి 11న వ్యాధికి 'కోవిడ్-19' అనియు, వైరస్‌కు 'సార్స్-కోవ్-2' అనియు పేర్లు ప్రకటింపబడినవి. జనవరిలో పాత పేరును కొటేషన్ గుర్తుల నడుమ ఉంచి అలర్టు పెట్టుకొన్నవాడు దానిని దిద్దుకొననిచో, ఆ తరువాతి పరిశోధనలో అధిక భాగము అతని కంటబడకుండనే పోవును.

మన ప్రాంతపు ఉదాహరణమును చూతము. నల్లగొండ ప్రాంతమును దీర్ఘకాలముగా పీడించిన ఫ్లోరోసిస్‌పై ఒక విద్యార్థి 2012లో 'ఫ్లోరోసిస్', 'ఆంధ్రప్రదేశ్' అను పదములతో అలర్టు ఉంచెననుకొందము. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లాయే మూడు జిల్లాలైనది. చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. నీరు అదే, వ్యాధి అదే, గ్రామములు అవే. అయినను వ్యాసములలో రాష్ట్రము పేరు, కొన్ని చోట్ల జిల్లా పేరు మారినవి. పాత అలర్టుకు ఈ సంగతి ఎట్లు తెలియును?

ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఇట్టిదే మరొక చిక్కు కలదు. మన దక్కనీ భాష పేరును ఆంగ్లములో దఖ్నీ, దక్కనీ, దక్ఖినీ, డెక్కనీ అని పలు విధములుగా వ్రాయుదురు. ఒక్క వర్ణక్రమముతో వెదకువానికి తక్కిన వర్ణక్రమములతో వ్రాసిన వ్యాసములు దక్కవు.

దిద్దుట కష్టము కాదు. పబ్‌మెడ్‌లో మన ఖాతా తెరచి, భద్రపరచిన అన్వేషణల జాబితాలో దాని ప్రక్కనున్న పండ్లచక్రము గుర్తును నొక్కవలెను. ఎన్నినాళ్లకొకసారి పంపవలెను, ఎన్ని వ్యాసములు పంపవలెను అను వివరములను అచ్చట మార్చుకొనవచ్చును. పదములను మార్చునప్పుడు మూడు మాటలు గుర్తుంచుకొనిన చాలును. సమానార్థక పదముల నడుమ 'ఆర్' ఉంచినచో వల విస్తరించును. భిన్న విషయముల నడుమ 'ఆండ్' ఉంచినచో వల బిగియును. 'నాట్' అను మాటను మాత్రము జాగ్రత్తగా వాడవలెను. 'ఫ్లోరోసిస్ నాట్ డెంటల్' అన్నచో దంతములను గూర్చిన వ్యాసములే గాక, దంతములను, ఎముకలను కలిపి చర్చించిన వ్యాసములును తొలగిపోవును. ఈ మూడు మాటలను ఆంగ్ల పెద్ద అక్షరములలో వ్రాయవలెను. 'ఆర్'తో కలిపిన పదములను కుండలీకరణములలో ఉంచవలెను. కావున పై విద్యార్థి అలర్టు ఇట్లు మారవలెను: ఫ్లోరోసిస్ ఆండ్ (తెలంగాణ ఆర్ ఆంధ్రప్రదేశ్ ఆర్ నల్లగొండ).

దిద్దిన పదములతో ముందుగా ఒకసారి వెదకి చూచిన పిమ్మటనే భద్రపరచవలెను. మరియొక ముఖ్య విషయము: అలర్టు ఇకపై వచ్చు వ్యాసములనే పంపును గాని, పోయిన కాలములో తప్పిపోయిన వాటిని వెనుకకు తెచ్చి ఇవ్వదు. వాటి కొరకు ఆయా సంవత్సరముల పరిమితితో మనమే స్వయముగా వెదకుకొనవలెను.

చదువు ముగించి వెళ్లు విద్యార్థులు మరొకటి గమనింపవలెను. కళాశాల ఇచ్చిన ఈ-మెయిలు మూతపడినచో అలర్టులును దానితోనే పోవును. వెళ్లుటకు ముందే సొంత చిరునామాకు మార్చుకొనుట మేలు. ఇప్పుడు పబ్‌మెడ్ ఖాతాకు ప్రత్యేక పాస్‌వర్డు లేదు. గూగుల్, ఆర్కిడ్ వంటి ఖాతాల ద్వారా ప్రవేశింపవలెను. కావున ఆ ఖాతా సొంతదై యుండుట మంచిది.

అనవసరపు వ్యాసములు కుప్పలుగా వచ్చినచో విసుగైనను కలుగును. ఆ విసుగుతో అలర్టును దిద్దుకొందుము. ఏమియు రానిచో విసుగు కలుగదు. కొత్త పరిశోధన లేదని నిశ్చింతగా నుందుము. ఈ నిశ్చింతయే ప్రమాదకరము. ఉత్తరము రాకపోవుట వ్యాసము లేకపోవుటకు సాక్ష్యము కాదు. కొత్తవి ఏమియు లేనప్పుడును ఆ సంగతి తెలుపుచు ఈ-మెయిలు పంపు ఏర్పాటు పబ్‌మెడ్‌లో ఉన్నది. దానిని ఎంచుకొనినచో అలర్టు పనిచేయుచున్నదను ఎరుక యైనను కలుగును. పదములు సరియైనవా అను ప్రశ్న మాత్రము మనకు మిగిలియే యుండును.

విద్యార్థినీ విద్యార్థులు ప్రతి టర్ము ఆరంభమున తమ అలర్టులను ఒకసారి తెరచి చూచుకొనవలెనని మేము కోరుచున్నాము. ఆ వారములో గ్రంథాలయమున ఒక గంట ఈ శిక్షణకు కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ వారికి మనవి చేయుచున్నాము. దీనికి కొత్త యంత్రములు అక్కరలేదు, అదనపు వ్యయము లేదు. పరిశోధనకు తొలి మెట్టు సరియైన ప్రశ్న వేయుట. ఆ ప్రశ్నను కాలానుగుణముగా సరిచూచుకొనుట దాని కొనసాగింపు.