వాంతుల గోలీ: ఏ వాంతికి?

మా రాజంపేట నుంచి కామారెడ్డి బస్సెక్కే వాళ్ళలో కొందరికి చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. మనలాంటి చదువుకున్నవాళ్ళం మాత్రం మందుల దుకాణానికి పోయి "అన్నా, ఒక వాంతుల గోలీ ఇయ్యి" అంటాం. ఏ వాంతి అని ఆయన అడగడు, మనమూ చెప్పం. చిక్కంతా అక్కడే ఉన్నది.

వాంతి కడుపులో పుడుతుందనుకుంటాం గాని, ఆజ్ఞ వెలువడేది మెదడు అడుగు భాగం నుంచి. అక్కడికి కబుర్లు పలు దారుల్లో చేరుతాయి. బస్సులో పుస్తకం చదివేవాడి కళ్ళు "కదలడం లేదు" అంటే, లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది. ఈ తగవును మోసేవి హిస్టమిన్, అసిటైల్‌కోలిన్ అనే రసాయనాలు. వాటిని అడ్డగించేదే ప్రోమెథజైన్. బజారులో అవొమిన్ అంటే అదే. కాకపోతే బస్సెక్కక ముందే మింగాలి. తిప్పుడు మొదలైతే కడుపు కదలిక మందగించి గోలీ అక్కడే ఆగిపోతుంది. నిద్ర తెస్తుంది కనుక బండి నడిపేవాడికి పనికిరాదు. రెండేళ్ళలోపు పిల్లలకు అసలే కూడదు సుమా!

కాన్సర్ మందుల వాంతి దారి వేరు. అవి పేగుల గోడల్లోంచి సెరటోనిన్‌ను విడుదల చేయిస్తాయి. దాన్ని ఆపే ఒండాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికాలో అనుమతి లభించింది. గొప్ప మందే, కాని బస్సు వాంతికి దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు.

మన దేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. కలకత్తాలో డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ కలరా రోగులకు అవొమిన్‌తో వాంతులు నిలిపి, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి, 1953లో ఆ సంగతి 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. గోలీ లేకున్నా చెంచాతో కొద్దికొద్దిగా పోస్తే చాలామందిలో నీళ్ళు నిలుస్తాయని తరువాత తేలింది. ఇంత సులువైన సంగతి లోకానికెక్కడానికి ఏళ్ళు పట్టింది!

నాకు భయం కలిగించేది ఇంకొకటి. చేనులో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి వాంతులైతే ఎండదెబ్బ అనుకొని గోలీ వేసి పండబెడతారు. చెమటలు, నోట చొంగ, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే అది విషం పని. గోలీ ఆపేది వాంతినే, విషాన్ని కాదు. బట్టలు తీసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకుపోండి. అట్రొపిన్ సూది వేయడానికి డాక్టరుకు ఆ డబ్బా మీది పేరు అక్కరకొస్తుంది.