గూడ్సు ఇంజను చక్రములు

1876-78 నాటి ధాత కరవులో ధాన్యము ఒకచోట, ఆకలి మరియొకచోట ఉండెను. ధాన్యమును బండ్లపై తరలింపబోగా, దారిలో ఎడ్లకే మేతయు నీరును దొరకలేదు. లక్షలాది జనులు మడిసిరి. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా బెజవాడకు మీటరుగేజి రైలుమార్గము వేయుటకు ఇట్టి కరవుల భయమే ముఖ్యకారణము.

ధాన్యపు బండ్లను లాగు ఇంజనుకు వేగము కంటె పట్టు ముఖ్యము. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రము సులభముగా జారును. దానిని జారనీయనిది ఇంజను బరువే. కాని బరువు మితిమీరినచో పట్టాలు ఓర్వలేవు. అందుచేత ఆ బరువును అనేక చక్రములకు పంచి, ఆ చక్రములన్నింటిని కడ్డీలతో కలిపి ఒక్కసారిగా త్రిప్పుదురు. చక్రము చిన్నదైనచో వేగము తగ్గును గాని లాగుబలము హెచ్చును. పెద్ద చక్రములు ప్రయాణికుల బండికి తగును.

రష్యావారు 1912లో పది చక్రములును లాగునవే అయిన ఒక గూడ్సు ఇంజనును నిర్మించిరి. దానికి ‘ఎ’ తరగతి అని పేరు. ముందు వెనుకల ఊతచక్రములు దానికి లేవు. చూచుటకు అంత సొగసైనది కాకపోయినను, బలహీనమైన పట్టాలపై సైతము నడచెడిది, మరమ్మతు సులభము. అంతర్యుద్ధములో రైళ్లు పాడైన పిమ్మట స్వీడను, జర్మనీ దేశములందును వందలకొలది చేయించిరి. 1957 వరకు సుమారు 11 వేలు తయారైనవి. ఒకే నమూనా అంతకాలము నిలుచుట అరుదు.

మన దేశమున మీటరుగేజికి అట్టి ఇంజను వై.జి. తరగతి. ‘వై’ మీటరుగేజిని, ‘జి’ గూడ్సును తెలుపును. దానికి లాగు చక్రములు ఎనిమిది, ముందొక జత, వెనుకొక జత చిన్నవి. లాగు చక్రపు అడ్డుకొలత 4 అడుగులు, ప్రయాణికుల వై.పి. ఇంజనుకు నాలుగున్నర. 1949 నుండి 1972 వరకు వేయికి మించి తయారైనవి.

నంద్యాల దాటి గాజులపల్లె విడిచినంతనే నల్లమల ఎదురగును. వానకు తడిసిన ఎగుడులో ఇంజను ఉన్నచోటనే చక్రములు గిర్రున తిరుగును. అప్పుడు డ్రైవరు ఇసుకపెట్టె మీట లాగును. గొట్టము గుండ ఇసుక చక్రముల ముందు పట్టాపై రాలును. ఇంతటి యంత్రమునకు పిడికెడు ఇసుక ఆధారమగుట వింత గాదా!

1990 దశకమున ఈ మార్గము బ్రాడుగేజిగా మారినది. ఆళ్లగడ్డకు మాత్రము రైలు రాలేదు. 2016లో పూర్తియైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గము సైతము బనగానపల్లె, కోయిలకుంట్లల మీదుగా పోయినది. నాడు నంద్యాల స్టేషనుకు బండ్లపై చేరిన ఆళ్లగడ్డ సీమ పంట, నేడు లారీలపై పోవుచున్నది.